పద్నాలుగు మంది జామీనుదారులు

సోమవారం ఉదయం దివాకర్ వేసుకున్న ప్లాన్‌లో మూడు పనులే ఉన్నాయి. తొమ్మిదిన్నరకు ఒక కంపెనీతో ఫోన్ ఇంటర్వ్యూ. తరవాత కూతురు భవిత స్పీచ్ ప్రింట్ తీయడం. మధ్యలో ఒక నిమిషం చూసుకుని, మర్నాడు తెలుగు అసోసియేషన్ వారి మడత టేబుళ్లు తేలేనని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టడం. ఈ మూడింటిలో ప్రమాదకరమైనది ఇంటర్వ్యూ అని అతను అనుకున్నాడు.

అనుకోవడానికి కారణం లేకపోలేదు. అతని ఉద్యోగం పోయి ఆ రోజుకు నలభై ఒక్క రోజులు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే అరవై రోజుల గడువిస్తారు. ఆలోగా ఇంకో కంపెనీ చేర్చుకుని కాగితాలు దాఖలు చేయకపోతే పెట్టే బేడా సర్దుకోవాలి. అంటే ఇంకా పంతొమ్మిది రోజులు. ఈ సంగతి అతనికీ భార్య రేణుకీ తప్ప మూడో మనిషికి తెలియదు. భవిత అమెరికాలో పుట్టిన పిల్ల, ఆమెకు వీసా బెడద లేదు. కానీ పన్నెండో క్లాసులో ఉంది, కాలేజీలకు అప్లై చేస్తోంది. అమ్మా నాన్నా దేశం విడిచి వెళ్లాల్సి రావచ్చని తెలిస్తే పిల్ల బెంగ పెట్టుకుంటుందని ఇద్దరికీ భయం. అందుకని దివాకర్ రోజూ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బేస్‌మెంట్లో కూర్చుని, లేని మీటింగుల్లో గట్టిగా మాట్లాడుతున్నాడు.

వాళ్లుండేది జార్జియాలో, అల్ఫారెట్టా దాటాక వచ్చే ఒక కౌంటీలో, అంటే అక్కడి జిల్లాలో. పేరెందుకు లెండి. భవితకు స్కూల్లో గవర్నమెంట్ పాఠం చెప్పే టీచరు, ఏదైనా ప్రభుత్వ సమావేశంలో మూడు నిమిషాలు మాట్లాడి వస్తే మార్కులు వేస్తానన్నది. మిగతా పిల్లలు పార్కులనీ స్విమ్మింగ్ పూల్ అనీ సుఖమైన విషయాలు పట్టుకున్నారు. భవిత వెతికి వెతికి బెయిల్ బాండ్ ఫీజు పట్టుకుంది. అరెస్టయినవాళ్లు విడుదల కావడానికి రాసే ప్రతి బెయిల్ బాండుకూ ఆ కౌంటీ ఇరవై డాలర్ల రుసుము తీసుకుంటుంది. నాలుగేళ్లలో అది నాలుగు లక్షల పన్నెండు వేలయింది. ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో మంగళవారం పదింటికి కౌంటీని నడిపే ఎన్నికైన కమిషనర్లు తేలుస్తారు. వాళ్ల భవనానికి పైకప్పు రిపేరు జరుగుతున్నందువల్ల సమావేశం కోర్టుహౌస్ రెండో అంతస్తులో పెట్టారు.

"నాన్నా, నువ్వు కూడ రావాలి. మీటింగ్స్ ఉన్నాయి అని చెప్పకు," అంది భవిత స్కూల్ బస్సుకు పరిగెడుతూ.

"నేనెందుకు కన్నా? అమ్మ వస్తుందిగా."

"నువ్వు రా. ప్లీజ్."

సరేనన్నాడు. తొమ్మిది ఇరవై ఎనిమిదికి, ఇంటర్వ్యూ ఫోన్ ఏ క్షణాన మోగుతుందోనని చూస్తుండగా, టేబుళ్ల సంగతి గుర్తొచ్చి గబగబా టైప్ చేశాడు.

"రేపు టేబుల్స్ తేలేను, సారీ. పదింటికి భవితతో కౌంటీ కోర్టుహౌస్‌లో ఉండాలి. బెయిల్ బాండ్ విషయం. తను బాగా టెన్షన్‌లో ఉంది, ఎవరూ ఫోన్లు చేయకండి ప్లీజ్."

ఫోన్ మోగింది. మెసేజ్ వెళ్లిపోయింది. అందులో స్పీచ్ అనే మాట లేదన్న సంగతి అతనికి తట్టలేదు.

ఆ గ్రూపులో రేణు లేదు. అసోసియేషన్ పనులు చేసేవాళ్లు మాత్రమే ఉన్నారు. వాళ్లలో ముఖ్యురాలు విజయశ్రీ. ఆమె భర్త రామమోహన్ అసోసియేషన్ ట్రెజరర్. కరీంనగర్ మనిషి, నరసరావుపేట అల్లుడు. మెసేజ్ చదివి విజయశ్రీ కాఫీ కప్పు కింద పెట్టేసింది. మొగుడికి చూపించింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అడుగుదామా?" అన్నాడు రామమోహన్.

"ఏమని అడుగుతారండీ? మీ పిల్లనెందుకు పట్టుకెళ్లారు అనా? ఫోన్లు చేయొద్దని ఆయనే పెట్టాడుగా."

మనవాళ్లలో ఇదొక మర్యాద. కారు కొంటే ధర అడుగుతాం, ఉద్యోగం వస్తే జీతం అడుగుతాం, పెళ్లయిన ఆర్నెల్లకు విశేషమేమైనా ఉందా అని అడుగుతాం. నిజంగా కష్టమొస్తే మాత్రం ఒక్క ముక్క అడగం, గిన్నె నిండా ఏదో ఒకటి వండుకుని వెళతాం. పదకొండున్నరకల్లా విజయశ్రీ దద్దోజనం, బెండకాయ వేపుడు పట్టుకుని రేణు గుమ్మంలో ఉంది.

"ఏం మాట్లాడకు రేణూ. మాకు తెలిసింది," అని చెయ్యి పట్టుకుంది.

నలభై ఒక్క రోజులు కడుపులో దాచుకున్నది బయటపడిపోయిందనుకుంది రేణు. "ఎవరు చెప్పారు అక్కా?"

"ఎవరు చెబితే ఏంలే. ఇలాంటివి దాగుతాయా? ఎన్ని రోజులన్నారు?"

"ఇంక పంతొమ్మిది రోజులు."

విజయశ్రీ కళ్లు తుడుచుకుంది. పదిహేడేళ్ల పిల్లకు పంతొమ్మిది రోజులు జైలంటే మాటలా. "లాయర్‌తో మాట్లాడారా?"

"మాట్లాడాం. ఈలోపు ఏదీ కుదరకపోతే దేశం వదిలి వెళ్లాల్సిందేనన్నాడు."

"అదేంటి, పిల్ల ఇక్కడే పుట్టిందిగా?"

"తననేం పంపరు. మేమిద్దరమే వెళ్లాలి."

పిల్ల తప్పు చేస్తే తల్లిదండ్రుల్ని దేశంలోంచి పంపేస్తున్నారన్నమాట. రోజుకో రూలు మారుస్తున్నారని విజయశ్రీ వింటూనే ఉంది. "ఇంతకీ పిల్లేది?"

"స్కూల్‌కి వెళ్లింది. తనకింకా ఏం తెలీదు అక్కా. చెప్పడానికి నోరు రావట్లేదు."

తనేం చేసిందో పిల్లకే తెలియదంటే, ఎవరో పిల్ల బ్యాగులో ఏదో పెట్టారన్నమాట. ఇంటికి చేరేలోపు విజయశ్రీ మనసులో కేసు పూర్తిగా తయారైంది. దివాకర్ లేని కొత్త వాట్సాప్ గ్రూపు మధ్యాహ్నం ఒంటిగంటకు పుట్టింది. మూడింటికల్లా అందులో ముప్పై ఒక్కమంది ఉన్నారు.

విజయశ్రీ వెళ్లగానే రేణు బేస్‌మెంటు మెట్లు దిగింది. ఇంటర్వ్యూ బాగా జరగలేదని దివాకర్ అప్పటికే తల పట్టుకుని ఉన్నాడు.

"నువ్వు చెప్పావా?"

"ఎవరికి, ఏం చెప్పాను?"

"విజయశ్రీ అక్కకి అంతా తెలుసు. పంతొమ్మిది రోజులంటే ఏడ్చేసింది పాపం."

"నేనెవ్వరికీ చెప్పలేదు. నువ్వే మీ చెల్లెలికి చెప్పుంటావు. ఆవిడ నోట్లో నువ్వు గింజ నానదు."

ఈ దెబ్బలాట ఇరవై నిమిషాలు సాగింది. ఆపడానికి కారణం, పైన మళ్లీ డోర్ బెల్ మోగడం. ఈసారి గుత్తి వంకాయ వచ్చింది. నాలుగున్నరకు పప్పుచారు, అయిదింటికి రెండు రకాల పచ్చళ్లు. తెచ్చినవాళ్లెవరూ లోపలికి రాలేదు, కారణం చెప్పలేదు. భుజం తట్టి వెళ్లిపోయారు. దివాకర్ అవమానంతో కుంగిపోయాడు. అమెరికా వచ్చిన ఈ పద్దెనిమిదేళ్లలో ఒకరి దగ్గర చెయ్యి చాపినవాడు కాదు. ఫ్రిజ్‌లో చోటు లేకపోవడం చూసి అతనికి ఏడుపొచ్చింది.

భవిత స్కూల్ నుంచి వచ్చి ఫోన్ చూపించింది. "అమ్మా, ఆంటీలు ఎంత స్వీట్. అందరు టెక్స్ట్ చేస్తున్నారు. ధైర్యంగా ఉండు, నిజం చెప్పు చాలు అని. నా స్పీచ్ గురించి వాళ్లకి ఎవరు చెప్పారు?"

రేణు, దివాకర్ ఒకరినొకరు చూసుకున్నారు. పిల్ల ముందు పరువు కాపాడటానికి వాళ్లు అలా సందేశాలు పెడుతున్నారని ఇద్దరికీ అర్థమైంది. అర్థమైందనే అనుకున్నారు.

చీకటి పడకముందే రామమోహన్ వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గరాజ్ ముందు నిలబడి, "నువ్వు ఒక్కడివనుకోకు అన్నా. మేమున్నం గదా. రేపు చూస్తవు," అన్నాడు.

"రేపు ఏం చూస్తాను?"

"ఏం మాట్లాడకు. పండుకో పోయి," అని కారెక్కాడు.

రామమోహన్ ఇంట్లో అసలు పని నడిపిస్తున్నది విజయశ్రీ తండ్రి భీమశంకరం. నరసరావుపేట మున్సిఫ్ కోర్టులో శిరస్తదారుగా, అంటే హెడ్ గుమాస్తాగా, రిటైరైన మనిషి. అమెరికా వచ్చి అయిదు నెలలయింది. టీవీ చూడ్డం, నడవడం తప్ప తన అవసరం ఎవరికీ రాలేదు. ఇప్పుడు వచ్చింది. ఆయన వెన్ను నిటారైంది.

"ఎంతమందిని చూశానమ్మా. బెయిలంటే డబ్బొక్కటే కాదు. జామీనుదారులు కావాలి. స్వయంగా హాజరు కావాలి, సంతకం పెట్టాలి, స్థిరాస్తి కాగితాలు చూపించాలి. కనీసం ఇద్దరు. ఎక్కువమంది ఉంటే జడ్జికి గురి కుదురుతుంది."

"ఇక్కడ పద్ధతి వేరేమో నాన్నా."

"కోర్టు ఎక్కడైనా కోర్టే. ఇంటి కాగితాలు తెమ్మను అందరినీ."

అలా పద్నాలుగు మంది తేలారు. రామమోహన్ ఫోన్‌లోనే చందా పోగు చేశాడు. సాయంత్రానికి మూడు వేల నూట యాభై డాలర్లయింది. మంగళవారం ఉదయం ఆ పద్నాలుగు మందీ తమ తమ ఆఫీసులకు వర్క్ ఫ్రమ్ హోమ్ అని రాసి, సూట్లూ పట్టుచీరలూ కట్టుకుని, తొమ్మిదింబావుకే కోర్టుహౌస్‌కు చేరుకున్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక ఫైలు. భీమశంకరం చేతిలో అల్లుడి ఇంటి కాగితాలున్నాయి. ఆ ఇంట్లో బ్యాంకు వాటా ఇంకా ఇరవై ఆరేళ్లు ఉంది.

కింద సెక్యూరిటీ గార్డును బెయిల్ బాండ్ సంగతి ఎక్కడని అడిగితే, అతను తలుపుకు అంటించిన నోటీసు చూసి రెండో అంతస్తుకు పంపాడు. హాలు బయట బల్ల మీద ఒక కాగితం ఉంది. పేరు, చిరునామా, ఐటమ్ నంబరు, చివర రెండు గళ్లు: అనుకూలం, వ్యతిరేకం. సమావేశంలో మాట్లాడదలచుకున్నవాళ్లు పేర్లు రాసుకునే కాగితమది. భీమశంకరం కళ్లజోడు సవరించుకుని చదివాడు.

"ఇదే జామీను రిజిస్టరు. ఐటమ్ అంటే కేసు నంబరు. మనది ఆరు. పిల్ల తరఫునా, వ్యతిరేకమా అని అడుగుతున్నారు. అందరూ తరఫున కొట్టండి."

పద్నాలుగు మందీ అనుకూలం గడిలో టిక్కు కొట్టి, సంతకాలు పెట్టారు. ఇద్దరు వేలిముద్ర కూడా వేయాలా అని అడిగారు. క్లర్కు పిల్ల నవ్వి, అక్కర్లేదని రెండో కాగితం తెచ్చి పెట్టింది.

పది నిమిషాలు తక్కువ పదికి దివాకర్ కుటుంబం వచ్చింది. భవిత ఆ రెండో కాగితం మీద పేరు రాసింది. మైనరు కాబట్టి తండ్రి పేరు కూడా, ముందుగా రాయాలంది క్లర్కు. దివాకర్ రాసి, హాల్లోకి అడుగుపెట్టి, ఆగిపోయాడు. అసోసియేషన్ మొత్తం రెండు వరసల్లో కూర్చుని తననే చూస్తోంది. రామమోహన్ పిడికిలి బిగించి ధైర్యం అన్నట్టు చూపించాడు.

"కోర్టుహౌస్ దాకా వచ్చారు," అంది రేణు నెమ్మదిగా. "ఇంతమందికి తెలిసిపోయిందన్నమాట."

"చందాలు కూడా వేసుకున్నారేమో," అన్నాడు దివాకర్.

అయిదుగురు కమిషనర్లు వచ్చి కూర్చున్నారు. అధ్యక్షురాలు మిసెస్ హాల్‌బ్రూక్ పెద్దావిడ. మామూలుగా ఆ హాల్లోకి వచ్చే ప్రజలు ముగ్గురు, వాళ్లలో ఒకరు ఎండకు తాళలేక వచ్చినవారు. ఇవాళ్టి జనాన్ని చూసి ఆవిడ మైకు సరిచేసుకుంది. ఆరో అంశం చదివింది. బెయిల్ బాండ్ ఫీజు నిధి, నాలుగు లక్షల పన్నెండు వేలు. సిబ్బంది ప్రతిపాదన: కౌంటీ పోలీసు అయిన షెరిఫ్ ఆఫీసు పార్కింగ్ స్థలానికి మూడు లక్షలు, మిగతాది మామూలు ఖర్చులకు. ఇదంతా ఇంగ్లీషులో, గబగబా, గొణుగుతున్నట్టుగా సాగడం వల్ల మనవాళ్లకు బెయిలు, డబ్బు అన్న రెండు ముక్కలే అందాయి. అవి చాలనుకున్నారు.

మొదటి పేరు భీమశంకరానిది. ఆయన లేచి, మైకు దగ్గరకు వెళ్లి, ఇంటి కాగితాలు రెండు చేతులా పైకెత్తి, నరసరావుపేట కోర్టులో నలభై ఏళ్లు వాడిన ఇంగ్లీషులో చెప్పాడు. "అమ్మా, బయటికొచ్చే మనిషి తిరిగి కోర్టుకు హాజరవుతాడన్న నమ్మకం కోసం నేను నా కుటుంబం ఇంటిని పూచీగా పెడుతున్నాను. మనిషిని నమ్మేవాడు ఒకడుంటే చాలు, ఎవరూ పారిపోరు. మా సర్వీసులో నేను చూసిందిదే."

మిసెస్ హాల్‌బ్రూక్ కళ్లద్దాలు తీసింది. పక్కనున్న కమిషనరు ఫోన్ చూడటం మానేశాడు. ముక్కూ మొహం తెలియని ఖైదీల కోసం ఈ పెద్దాయన ఇల్లు ఇస్తానంటున్నాడని వాళ్లకు అర్థమైంది.

తరవాత విజయశ్రీ. "తెలియని తప్పుకి పంతొమ్మిది రోజులు జైల్లో పెడితే ఆ పిల్ల చదువేం కావాలి? అమ్మా నాన్నల్ని దేశంలోంచి పంపేస్తే ఎవరు చూస్తారు?" అని అడిగి కూర్చుంది. కౌంటీ లాయరు ఆ పంతొమ్మిది రోజుల లెక్క ఏ చట్టంలో ఉందోనని కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాడు.

"నాన్నా, ఆంటీ ఎవరి గురించి మాట్లాడుతున్నారు?" అంది భవిత.

జైలు అన్న మాట దివాకర్‌కు వినపడలేదు. పంతొమ్మిది అన్నది వినపడింది. ఆ అంకె అతనిది.

రామమోహన్ లేచి, తమ అసోసియేషన్ మూడు వేల నూట యాభై డాలర్లు పోగు చేసిందనీ, ఇప్పుడే కట్టేస్తామనీ చెప్పాడు. ప్రభుత్వ నిధికి జనం సొంత డబ్బు ఎదురివ్వడం ఆ కౌంటీ చరిత్రలో లేదు. మిసెస్ హాల్‌బ్రూక్ చప్పట్లు కొట్టింది. ఆ తరవాత పదకొండుమంది, ఒకరి తరవాత ఒకరు, ఒక మంచి పిల్ల గురించి చెప్పారు. ఆ పిల్ల వినాయక చవితికి చిన్నపిల్లలకు మట్టి బొమ్మలు చేయడం నేర్పించిందన్నారు, పెద్దవాళ్లకు ఫోన్లు సరిచేసి పెట్టిందన్నారు. పేరు ఎవరూ చెప్పలేదు. పిల్ల పరువు పోతుందని భీమశంకరం ముందే హెచ్చరించాడు.

"దివాకర్," అని పిలిచింది క్లర్కు.

దివాకర్ మైకు దగ్గరకు వెళ్లాడు. వెనక పద్నాలుగు మంది, ముందు అయిదుగురు, పక్క వరసలో కూతురు. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదని అతను నిజంగా నమ్మాడు.

"మీరంతా నాకోసమే వచ్చారని నాకు తెలుసు," అన్నాడు. "నిజమే. నా ఉద్యోగం పోయి నలభై రెండు రోజులైంది. ఇంకా పద్దెనిమిది రోజులే ఉన్నాయి. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. మీ డబ్బు నేను తీసుకోలేను. కానీ ఒక్క మాట. నాకు ఇల్లుంది, లాయరున్నాడు, అన్నం పెట్టే స్నేహితులున్నారు. అయినా నాకు నిద్ర పట్టడం లేదు. ఈ ఇరవై డాలర్లు కట్టినవాళ్లకు ఇవేవీ లేవు. భయపడేవాడు అడగలేడు. అడక్కముందే ఎవరో ఒకరు రావాలి. ఆ డబ్బు అందుకు వాడండి."

వెనక వరసలోంచి విజయశ్రీ గొంతు స్పష్టంగా వినిపించింది. "జాబ్ పోయిందా? మరి పిల్ల ఏం చేసిందట?"

దివాకర్ మెల్లగా కూతురి వైపు తిరిగాడు. ఆమె దగ్గర దాచాలనే కదా ఇంత నాటకం. చెప్పేశాడు, అదీ మైకులో, రికార్డయ్యేలా.

భవిత లేచి వచ్చి అతని పక్కన నిలబడింది. ప్రింట్ తీసిన స్పీచ్ మడిచి జేబులో పెట్టుకుంది.

"నాకు తెలుసు నాన్నా," అంది తెలుగులో. "ఫస్ట్ డే నుంచి. బేస్‌మెంట్‌లో నువ్వు మాట్లాడేది అంతా హీటింగ్ వెంట్‌లో నా రూమ్‌కి వస్తది. నువ్వు ఆరు వారాలు బయటికి రాలేదు. అందుకే రమ్మని అడిగాను."

దివాకర్ ఏడ్చేశాడు. రేణు కూడా. మిసెస్ హాల్‌బ్రూక్‌కు తెలుగు రాదు, అయినా రుమాలు తీసుకుంది. అప్పుడు భవిత ఇంగ్లీషులో తన మూడు నిమిషాలు మాట్లాడింది. లాయరు లేనివాళ్లకు లాయర్లు, కోర్టు తేదీ గుర్తు చేస్తూ ఫోనుకు ఒక మెసేజ్. ఈ రెండిటికీ వాడితే మనుషులు తేదీ మరిచిపోయి మళ్లీ జైలుకు పోరని చెప్పింది. వెనకనున్న పద్నాలుగు మందికి అప్పుడు విషయం బోధపడింది. భీమశంకరం ఇంటి కాగితాలు నెమ్మదిగా ఫైల్లో పెట్టేసుకున్నాడు.

కమిషనర్లలో నలుగురు అవునన్నారు, ఒకరు కాదన్నారు. మూడు లక్షలు లాయర్లకూ మెసేజ్‌లకూ వెళ్లాయి. మిగతా డబ్బుతో పార్కింగ్ స్థలంలో గుంతలు మాత్రం పూడుస్తారు.

బయట మెట్ల మీద ఎవరు ఎవర్ని తిట్టాలో కాసేపు తేలలేదు. చివరికి రామమోహన్ దివాకర్ భుజం పట్టుకున్నాడు.

"మా టీమ్‌ల ఒక పొజిషన్ రెండు నెలల సంది ఖాళీగున్నది అన్నా. మనిషి దొరకక మా మేనేజర్ నన్ను తింటున్నడు. ఒక్క ముక్క చెప్తే ఏం పోయేది?"

"సిగ్గేసింది తమ్ముడూ."

"నీ సిగ్గుకు మేం సూట్లేసుకొని వచ్చినం."

యాభై నాలుగో రోజున కొత్త కంపెనీ వాళ్లు దివాకర్ వీసా కాగితాలు దాఖలు చేశారు. భవితకు టీచరు పూర్తి మార్కులు వేసింది. మిగిలింది ఆ చందా. నిబంధనల ప్రకారం కౌంటీ దాన్ని తీసుకోకూడదట, ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకోవడానికి మొహమాటపడ్డారు. దాంతో దాన్ని దేనికి కేటాయించాలో తేల్చడానికి భీమశంకరం అధ్యక్షతన ఒక సబ్ కమిటీ వేశారు.

కౌంటీ వారు నాలుగు లక్షల పన్నెండు వేలను ఒక్క పూటలో పంచేశారు. సబ్ కమిటీ ఇప్పటికి ఏడుసార్లు సమావేశమైంది, భోజనాల ఖర్చు పోను నిధి పంతొమ్మిది వందలకు దిగింది.